తాత రేజరు, మన పిల్లల మెడలు

మన ఇళ్ళల్లో మగపిల్లలకు సైకిలు తొక్కడం నేర్పేవాళ్ళుంటారు, బావిలో ఈత నేర్పేవాళ్ళుంటారు, పెండ్లి పందిట్లో పంచె కట్టుకోవడం నేర్పేవాళ్ళు కూడా ఉంటారు. గడ్డం గీసుకోవడం నేర్పేవాళ్ళు మాత్రం ఉండరు. మీసం మొలిచిన పిల్లవాడు ఒకనాడు బాత్‌రూము తలుపు వేసుకుని లోపలికి పోతాడు, మెడంతా ఎర్రగా చేసుకుని బయటికి వస్తాడు. ఇంట్లో అందరూ చూస్తారు, ఎవరూ ఏమీ అడగరు. వాడూ చెప్పడు. అక్కడితో ఆ చదువు అయిపోయినట్టే.

ఈ రెండేండ్లుగా మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో దీని మీద ఒక కొత్త గొడవ నడుస్తూ ఉంది. మా అన్నల పిల్లలూ అక్కల పిల్లలూ ముగ్గురు వీడియోలు చూసి తాతల కాలం నాటి ఇనుప రేజర్లు కొన్నారు. ఒకడు కోలారులో, ఒకడు బెంగళూరు హాస్టల్లో, ఒకడు హోసూరులో. నెల తిరగకముందే ఇద్దరు దాన్ని మూల పడేశారు. "పాత రేజరు మన చర్మానికి పడదు" అని తీర్పు వచ్చేసింది. పెద్దవాళ్ళల్లో కొందరు సరే అన్నారు. ఇంకొందరు, "మేము నలభై ఏండ్లు దాంతోనే చేసుకున్నాము, మాకేమీ కాలేదు, మీవే మైదాపిండి చర్మాలు" అని ఎగతాళి పట్టించారు. ఈ రెండు మాటలూ మాకు సమ్మతం కాలేదు. అందుకే ఈ రాత.

మేము చదివింది కన్నడ మీడియంలో, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దగ్గర నేర్చుకున్నవి. నురగ అనాల్సిన చోట నొరె అని నోటికి వచ్చేస్తుంది. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. ఉంగరాలు తిరిగే గట్టి వెంట్రుకల గడ్డానికి, మన కుటుంబాల్లో ఎక్కువ ఉండేది అట్లాంటిదే, నాలుగైదు బ్లేడ్ల రేజరు కంటే ఒంటి బ్లేడు సేఫ్టీ రేజరే మంచిది. అయితే అది నేర్చుకుంటే తప్ప రాని పనిముట్టు. నేర్పకుండా చేతికిచ్చి, మంట పుట్టగానే దాన్ని తిట్టడం, కొడవలి పట్టడం రానివాడు వేలు కోసుకుని కొడవలిని తిట్టినట్టు ఉంటుంది.

ఈ రేజరు కథ పెద్దదేం కాదు. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు 1904లో దీనికి పేటెంటు వచ్చింది. అంతకు ముందు కత్తి. కత్తిని నూరాలి, తోలు పటకా మీద సానపట్టాలి, పట్టుకునే చేయి వణక్కూడదు. పలుచటి బ్లేడును రెండు రేకుల మధ్య బిగించి, అంచు మాత్రం కొంచెం బయటికి కనిపించేలా చేయడమే ఈయన చేసిన పని. సేఫ్టీ అంటే అదే, బయటికి కనిపించే అంచు తక్కువ. తెగదని కాదు. ఆ తరువాత 1971లో రెండు బ్లేడ్లు, 1998లో మూడు, 2006లో ఐదు బ్లేడ్లు ఒకదాని కింద ఒకటి పేర్చిన రేజర్లు బజారులోకి వచ్చాయి. వాటి తల కదులుతుంది, కోణం దానంతటదే సర్దుకుంటుంది. అందుకే ఆ రేజరు వాడేవాడికి నేర్పాల్సిన అవసరం లేకుండా పోయింది. నేర్పడం పోయింది అక్కడే అని మా అనుమానం.

కానీ లెక్క చూడండి. ఐదు బ్లేడ్ల రేజరుతో చెంప మీద ఒక గీత గీస్తే చర్మం మీద ఐదు గీతలు పడినట్టు. ముందు బ్లేడు వెంట్రుకను పట్టి కొంచెం పైకి లాగుతుంది, అది మళ్ళీ లోపలికి పోయేలోపల వెనక బ్లేడు ఇంకొంచెం కింద కోస్తుంది. గడ్డం నున్నగా ఉంటుంది, నిజమే. కోసిన కొన మాత్రం చర్మం మట్టానికి కిందకు పోతుంది. నిటారు వెంట్రుకలవాళ్ళకు ఫరవాలేదు, అట్లే పైకి వస్తుంది. ఉంగరాల వెంట్రుక నిటారుగా రాదు, వంకర తిరిగి చర్మంలోకే పొడుచుకుంటుంది. దాని చుట్టూ ఎర్రటి పొక్కు లేస్తుంది, తరువాత అది నల్లటి మచ్చగా నిలబడుతుంది. చర్మం డాక్టర్లు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ బార్బే అంటారు. మనవాళ్ళు "వేడి చేసింది" అంటారు. మజ్జిగ తాగమంటారు. మజ్జిగ మంచిదే, మెడ కురుపులకు దానికీ సంబంధం లేదు.

ఒంటి బ్లేడు అయితే వెంట్రుకను మట్టంగా కోసి వదిలేస్తుంది. అంతకంటే దిగదు. ఇందులో మహిమ ఏమీ లేదు, లెక్కే. అదే ఒంటి బ్లేడును ఒకే చోట ఐదుసార్లు ఈడ్చితే మాత్రం ఐదు బ్లేడ్ల రేజరు కంటే ఘోరం. మా పిల్లలు చేసింది అదే అని మా అనుమానం.

అన్నిటికంటే పెద్ద సంగతి చేతి బరువు. ప్లాస్టిక్ రేజరు తేలిక, అందుకే దాన్ని అదిమి గీయడం అలవాటవుతుంది. ఇనుప రేజరుకు దాని బరువు దానికే ఉంది. ఆ బరువుకు మనం ఇంకేమీ కలపకూడదు. మా చిన్నాయన ఒకాయన డెబ్బై దాటినా ఇప్పటికీ దాంతోనే చేసుకుంటాడు. ఆయన చేయి చూస్తే రేజరును పట్టుకున్నట్టు ఉండదు, పడిపోకుండా కాచుకున్నట్టు ఉంటుంది. పిడికి చివరన మూడు వేళ్ళు, అంతే. "ఒత్తొద్దురా, దాని పని దాన్ని చేసుకోనీ" అంటాడు. గ్రూపులో వచ్చిన సలహాలన్నిటిలో పనికొచ్చింది ఆ ఒక్క మాటే. తక్కినవన్నీ ఏ బ్రాండు బ్లేడు కొనాలి అనే వాదులాట.

రెండోది కోణం. పిడిని ముఖానికి అడ్డంగా, గోడకు కొట్టిన మేకులాగా పట్టుకుని, రేజరు తల పైభాగాన్ని చెంపకు ఆనించండి. అప్పుడు బ్లేడు చర్మాన్ని ముట్టదు. పిడిని మెల్లగా కిందికి దించుతూ రండి. ఒకచోట బ్లేడు అంచు తగులుతుంది, గీస్తే సన్నగా గరగరమని చప్పుడు వస్తుంది. సుమారు 30 డిగ్రీలు. ఇంకా దించితే బ్లేడు కోయడం మాని గీరుతుంది, కొబ్బరి కోరినట్టు. మంట పుట్టేది ఆ గీరుడుతోనే. చెంప మీద ఈ కోణం పట్టడం సులభం, గడ్డం ఎముక మలుపులో కష్టం, గొంతు మీద ఇంకా కష్టం. అందుకే కొత్తవాళ్ళకు మేము చెప్పేది: మొదటి వారం చెంపలు మాత్రం దీంతో చేసుకోండి, మెడ సంగతి అలవాటైన రేజరుకే వదిలేయండి. చెంపల మీద చేయి కుదిరిన తరువాత మెడకు దిగండి. ఇది చెబితే పిల్లలు నవ్వుతారు, రెండు రేజర్లా అని. ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు సొరకాయ బుర్ర కట్టుకోలేదా?

మూడోది వెంట్రుక వాలు. ఇది ఎవరి ముఖానికి వాళ్ళదే, అన్నదమ్ములకు కూడా ఒకటిగా ఉండదు. చెంపల మీద మామూలుగా పైనుంచి కిందికి పోతుంది. మెడ మీద మాత్రం కొందరికి కిందనుంచి పైకి, కొందరికి పక్కకు, కొందరికి గొంతుకు ఒక పక్కన సుడి. రెండు రోజుల గడ్డం పెరిగినాక వేలితో నిమిరి చూడండి. ఏ వైపు నిమిరితే మెత్తగా పోతుందో అది వాలు, ఏ వైపు గరుకుగా తగులుతుందో అది ఎదురు. ఒక కాగితం మీద ముఖం బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టుకోండి. నవ్వులాట కాదు. మా హోసూరు పిల్లవాడికి ఆ బొమ్మ వేయించాము. చెవి కింద రెండు వేళ్ళ మేర వాడికి వాలు పూర్తిగా అడ్డం ఉంది. అక్కడే వాడికి ప్రతిసారీ పొక్కులు వచ్చేది. ఇన్నాళ్ళూ పైనుంచి కిందికే గీస్తూ ఉన్నాడు.

మొదటి నెలంతా వాలుకే గీయాలి. ఒకసారి వాలుకు గీసి, మళ్ళీ నురగ పూసి, కావాలంటే అడ్డంగా ఒకసారి. ఎదురు గీయడం మరిచిపోండి. ఉంగరాల గడ్డంవాళ్ళు ఎప్పటికీ మరిచిపోయినా నష్టం లేదు. నురగ లేని చోట బ్లేడు పెట్టకూడదు, ఎంత చిన్న మచ్చ మిగిలినా సరే. చర్మాన్ని ముడత పోయేంత వరకే పట్టాలి, డప్పు తోలులాగా గట్టిగా లాగి గీస్తే కోసిన వెంట్రుక లోపలికి జారుకుని మళ్ళీ అదే కురుపు. గీతలు పొట్టిగా, ఒక అంగుళం, అంగుళంన్నర. గీత గీతకూ బ్లేడు నీళ్ళల్లో ముంచాలి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. వీడియోలు చేసేవాళ్ళు ఎవరూ చెప్పనిది, మన కోలారు, చింతామణి, ముళబాగిలు వైపువాళ్ళకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అంటాము. మనకు పారే నది లేదు. చెరువులు ఎండినాక వెయ్యి అడుగులు దాటిన బోరునీళ్ళతో బ్రతుకుతున్నాము. ఆ నీళ్ళ గడుసుతనం ఏమిటో గిన్నె అడుగున తేలే తెల్లటి చారను అడగండి. సుద్ద, మెగ్నీషియం కలిసిన నీళ్ళల్లో సబ్బు నురగ రాదు, తెట్టె కడుతుంది. బకెట్టు అంచున బూడిదరంగులో పేరుకునేది అదే. ఆ తెట్టె ముఖం మీద పూసుకుని బ్లేడు నడిపితే ఏమవుతుంది? నురగ చేయాల్సిన పని, బ్లేడుకు చర్మానికి మధ్య జారుడు ఇవ్వడం, జరగదు. పిల్లవాడేమో సబ్బు మంచిది కాదనుకుని ఇంకో సబ్బు కొంటాడు, అది కూడా అట్లే. మూడు సబ్బులయినాక రేజరును తిడతాడు.

దీనికి మందు చవకే. గడ్డానికి కావాల్సింది రెండు లోటాల నీళ్ళు. ఫిల్టరు నీళ్ళు ఒక లోటా తీసుకోండి. లేదంటే బోరునీళ్ళు బాగా మరిగించి, చల్లారనిచ్చి, అడుగున తెల్లటి మడ్డి దిగినాక పైతేట వంచుకోండి. పూర్తిగా పోకపోయినా గడుసుతనం చాలావరకు తగ్గుతుంది. వాననీళ్ళు పట్టిన డ్రమ్ము ఉంటే అదృష్టవంతులు. కడుక్కోవడానికి మామూలు నీళ్ళే చాలు, నురగ తీయడానికే మంచినీళ్ళు కావాలి. బెంగళూరులో కావేరి నీళ్ళు వచ్చే ఇంట్లో ఉన్న పిల్లవాడికి అదే సబ్బు బుస్సుమని పొంగింది, కోలారు వాడికి పొంగలేదు. ఇద్దరూ ఫోన్లో సబ్బు మీద పోట్లాడుకున్నారు. తేడా సబ్బులో లేదని తెలిసినాకే ఊరుకున్నారు.

గడ్డం నానాలి. ఎండిన వెంట్రుక గట్టి తీగ లాంటిది, నానితే మెత్తబడుతుంది. స్నానం చేసి వచ్చిన వెంటనే చేసుకుంటే సగం పని అయిపోయినట్టే. స్నానానికి ముందే గడ్డం చేసుకోవాలి అని మన ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉంది కదా, మైల అని. పట్టింపు వదలలేనివాళ్ళు వేడినీళ్ళల్లో ముంచి పిండిన గుడ్డ మూడు నిమిషాలు ముఖానికి పెట్టుకోండి. అవ్వలకూ కోపం రాదు, చర్మానికీ రాదు.

అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళకు ఒక మాట. 41 రోజుల గడ్డం మీద నేరుగా సేఫ్టీ రేజరు పెట్టకండి. పొడుగు వెంట్రుక రేకుల మధ్య ఇరుక్కుని లాగుతుంది. కత్తెరతోనో మిషనుతోనో ముందు పొట్టిగా చేసుకుని, ఒకరోజు వదిలి, తరువాత గీసుకోండి.

ఇక "మా కాలంలో మాకేమీ కాలేదు" అనే పెద్దవాళ్ళ దగ్గరికి వస్తాము. మర్యాదగానే చెబుతున్నాము, ఆ మాట సగమే నిజం. మా తాత రోజూ గడ్డం చేసుకునేవాడు కాదు. మా పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడిగితే తేలింది ఇది: వారానికి రెండుసార్లు. మంగళవారం కూడదు, శనివారం కూడదు, అమావాస్య కూడదు, సొంత నక్షత్రం నాడు కూడదు. ఇవన్నీ పోగా మిగిలిన రోజుల్లో పొలం పని లేనప్పుడు. గీతకూ గీతకూ మధ్య చర్మానికి మూడు నాలుగు రోజుల విడుపు. ఆ పట్టింపులకు శాస్త్రం అంటగట్టడం మా ఉద్దేశం కాదు. మంగళవారానికీ చర్మానికీ ఏ సంబంధమూ లేదు. విడుపుకు మాత్రం ఉంది. ఇప్పటి పిల్లవాడు కొత్త రేజరు కొని, ఉత్సాహంతో పొద్దున ఒకసారి, సాయంత్రం బైటికి పోయేముందు ఒకసారి చేసుకుంటే తాత రేజరు తాత చర్మాన్ని ఇవ్వదు. నేర్చుకునే నెలలో మూడు రోజులకు ఒకసారి చాలు. మా ఆఫీసుల్లో గడ్డం గురించి అడిగేవాడే లేడు. పోలీసు, హోటలు ఉద్యోగాల్లో ఉండేవాళ్ళకు కుదరదు, వాళ్ళు సెలవుల్లో మొదలుపెట్టడం మేలు.

తాతకు ఇంకొకటి ఉండేది, మనం ఎవరూ చెప్పుకోనిది. ఆయనకు రేజరు పట్టడం నేర్పింది ఆయన నాయన కాదు, ఊరి మంగలి. కత్తి కాలం నుంచి మన ఇంటి మగవాళ్ళ ముఖాలన్నీ ఆ ఇంటివాళ్ళకు తెలుసు. ఎవరి మెడలో సుడి ఎక్కడుందో, ఎవరి చర్మం కందుతుందో, ఎవరికి పటిక ఎక్కువ రుద్దకూడదో వాళ్ళకు గుర్తు. ఏడాదికి ఒకసారి కళ్ళంలో మేర గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళము. అరుగు దాటి లోపలికి రానిచ్చేవాళ్ళము కాదు. ఇదే వెబ్ పేజీలో మన వంశవృక్షం ఉంది, వలస వచ్చిన కథ ఉంది, అవ్వల చేతి ఊరగాయల కొలతలున్నాయి. ఆ ఇంటివాళ్ళ పేరు ఒక్కటి కూడా లేదు. వాళ్ళ పనిని తిట్టుపదంగా వాడటం మాత్రం ఇప్పటికీ మన పెండ్లి పందిళ్ళల్లో వినిపిస్తుంది. కర్ణాటకలో వాళ్ళు సవితా సమాజం అని పేరు పెట్టుకుని ఆ తిట్టును మానమని ఎన్ని ఏండ్లుగానో అడుగుతున్నారు. వారసత్వం గురించి రాసుకునే చోట ఈ మాట రాయకపోతే, మనం దాచుకున్నది సగం వారసత్వమే. చేయి తిరిగిన పెద్దాయన మీ ఊరి కటింగ్ షాపులో ఇప్పటికీ ఉంటే, పిల్లవాడిని తీసుకుపోయి, పైసలిచ్చి, వాడి ముఖం మీద వాలు చూపించమని అడగండి. పది వీడియోల కంటే అది మేలు.

టెస్టింగ్ పనిలో మాకు పట్టుబడిన బుద్ధి ఒకటుంది, ఇక్కడ బాగా పనికొస్తుంది: ఒకసారికి ఒక్కటే మార్చాలి. మా పిల్లలు రేజరు, బ్లేడు, సబ్బు, బ్రష్షు, ఆఫ్టర్‌షేవ్ అన్నీ ఒకేరోజు మార్చారు. మంట వచ్చింది. దేనివల్ల వచ్చింది? ఎవరు చెప్పగలరు? రేజరు మారిస్తే సబ్బు పాతదే ఉంచాలి. బ్లేడు మారిస్తే తక్కినవి కదపకూడదు. రెండు మూడుసార్లు చూసి, నోటు పుస్తకంలో ఒక వరుస రాసుకుని, ఆ తరువాతే ఇంకొకటి. ముఖానికి రెండు చెంపలున్నాయి, అది ఇంకా సౌకర్యం: ఎడమ చెంపకు పాత సబ్బు, కుడి చెంపకు కొత్తది. ఏ చెంప మండిందో వేరే చెప్పనక్కరలేదు.

ఆ రిపోర్టు ఇచ్చేది పటిక. కన్నడంలోనూ పటికే, కోలారు సంతలో ఏ భాషలో అడిగినా దొరుకుతుంది. గడ్డం అయినాక చల్లటి నీళ్ళతో కడుక్కుని, తడి ముఖం మీద పటిక ముక్క మెల్లగా రుద్దండి. చిన్న గాట్లకు నెత్తురు ఆగుతుంది. దానికంటే మేము దాన్ని ఎందుకు వాడమంటామంటే, ఎక్కడ చురుక్కుమంటుందో అక్కడ మన చేయి ఎక్కువ ఒత్తిందని అర్థం. కంటికి కనిపించని గీరుడును అది చూపిస్తుంది. అర నిమిషం ఆగి కడిగేయాలి, ఎండబెట్టుకుంటే చర్మం బిగుసుకుంటుంది. తరువాత వాసన లేని క్రీము ఏదైనా పలుచగా. స్పిరిటు వాసన కొట్టే ఆఫ్టర్‌షేవ్ మంట మీద మంట. మొటిమల వయసు పిల్లలకు కొబ్బరినూనె పూయవద్దు, రంధ్రాలు మూసుకుంటాయి. పసుపు పూసుకుని ఆఫీసుకు పోయే ధైర్యం ఉంటే మేము అడ్డు చెప్పము.

బ్లేడు గురించి గ్రూపులో ఎంత వాదన జరిగినా మా మాట చిన్నది. టోపాజ్, సెవెన్ ఓ క్లాక్, ఏదైనా సరే, ఒకరికి మెత్తగా నడిచేది ఇంకొకరికి లాగుతుంది. కొన్ని రూపాయలకు వచ్చే బ్లేడును పదిహేనుసార్లు వాడి మిగిల్చేది ఏమీ లేదు. నాలుగైదుసార్లకు మార్చేయండి, లాగినట్టు అనిపిస్తే ఇంకా ముందే. అమెరికా చర్మవైద్యుల సంఘం 5 నుంచి 7 గడ్డాలకు మార్చమంటుంది. మన గట్టి గడ్డాలకు మేము ఇంకొంచెం ముందుకు జరిపాము, అంతే. ఒకరి బ్లేడు ఇంకొకరు వాడకూడదు, అన్నదమ్ములైనా సరే, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ నెత్తురు ద్వారా అంటేవే. వాడిన బ్లేడు కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తే పొద్దున చెత్త వేరుచేసే ఆమె చేయి తెగుతుంది. పౌడరు డబ్బా మూతకు సందు కోసి అందులో వేస్తూ పోతే ఏండ్లకు గానీ నిండదు. నిండినాక టేపు చుట్టి, పైన బ్లేడ్లు అని రాసి, చేతికి ఇచ్చి చెప్పండి.

ఇంత ఎందుకు రాస్తున్నామంటే, గడ్డం మంట గడ్డంతో ఆగడం లేదు. మూల పడేసిన ఇద్దరిలో ఒకడు మెడ మీది నల్లమచ్చలకు మందుల షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చుకున్నాడు. వారంలో మచ్చలు తగ్గాయి, ముఖం తెల్లబడింది, ఇంట్లో అందరికీ సంతోషం. మూడు నెలలకు ముఖమంతా ఎర్రబారి, ఎండకు పోతే మండి, మానేస్తే కురుపులు రెండింతలై, చివరికి చర్మం డాక్టరు దగ్గర తేలింది, దాంట్లో స్టెరాయిడు ఉందని. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. కొన్నాళ్ళు వాడితే చర్మం పలుచబడుతుంది, మానగానే తిరగబడుతుంది. ట్యూబు మీద పేరు చూసి ఫెయిర్‌నెస్ క్రీమే కదా అనుకున్నారు. మెడ నల్లగా ఉంటే పెండ్లిచూపుల్లో ఏమంటారో అని ఇంట్లోవాళ్ళే పదేపదే అనకపోయి ఉంటే వాడు ఆ షాపుకు పోయేవాడా?

మెడ మీద కురుపులుంటే చేయాల్సింది ముందు గీయడం ఆపడం. మూడు నాలుగు వారాలు గడ్డం వదిలేస్తే లోపలికి తిరిగిన వెంట్రుకలు చాలావరకు వాటంతటవే బయటికి వస్తాయి. గిల్లకూడదు, సూదితో తవ్వకూడదు. చీము పట్టినా, నొప్పి పెరిగినా, ఉంగరంలాగా అంచు కట్టి పెరుగుతున్నా అది రేజరు మంట కాదు, తామర కూడా కావచ్చు, డాక్టరుకు చూపించాలి. కొందరి వెంట్రుకకు ఏ రేజరూ పడదు. వాళ్ళు మిషనుతో పొట్టిగా కత్తిరించుకుని హాయిగా ఉండవచ్చు, నున్నటి గడ్డం ఎవరూ చేసిన చట్టం కాదు.

ఈ ఉగాదికి అందరూ ఊరికి వస్తున్నారు కదా. చిన్నాయనను అడిగాము, పండుగ మరుసటి రోజు పొద్దున పెరట్లో తొట్టి దగ్గర కూర్చుంటానన్నాడు. మీసం మొలిచిన పిల్లలందరినీ పంపండి. మూతి మూసి ఉండే పళ్ళ రకం మెత్తటి రేజర్లు నాలుగు తెప్పించి పెడుతున్నాము, బ్లేడు ఎవరిది వాళ్ళదే. పూనా నుంచి విమానంలో వచ్చేవాళ్ళు సొంత బ్లేడ్లు చేతిసంచిలో పెట్టుకోకండి, సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు. రెండు రోజుల ముందునుంచీ గడ్డం గీయకుండా రావాలి, వాలు చూడాలంటే వెంట్రుక ఉండాలి.